తేమ పెట్టెకు తాళం

మా చదువు ఎనిమిదో తరగతి. పిల్లల దగ్గర విన్నదే చెప్తాము. తప్పుంటే వాళ్లే సరిదిద్దుతారు, ఇక్కడే కూర్చున్నారు.

మన కోలారు జిల్లాలో మగ్గంతో పాటు పట్టుపురుగులు పెంచే ఇళ్లు ఉన్నాయి. చాకీ పురుగుకు వేడి 27, 28 డిగ్రీలు, తేమ 85 దగ్గర కావాలి. నాలుగో జ్వరం దాటిన పురుగుకు 24, తేమ 70 చాలు. చలికాలం అర్ధరాత్రి లేచి మీటరు చూసేది మన ఇళ్లల్లో ఆడవాళ్లే. ఆ నిద్ర మిగలాలని మా సంఘం పిల్లలిద్దరు ఒక పెట్టె చేశారు. ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు, వేడి, తేమ చూసే సెన్సారు, హీటరు వేసి ఆపే రిలే. ఇంతే. గదిలో వేడి ఎంతో ఫోనులో కనబడుతుంది.

మేము చూసి మురిసిపోయాము. అప్పుడే రెండో పిల్లవాడు వీధిలోకి పోయి, తన ఫోనులోంచి లోపలి హీటరు ఆపేశాడు! ఊరికే దొరికే సర్వరులో పాస్‌వర్డు లేకుండా పెట్టారంట. పెట్టె పేరు తెలిస్తే చాలు, ఎవడైనా ఆపొచ్చు. ఆ గదిలో పురుగులు లేవు కాబట్టి సరిపోయింది. కొత్త డిజైను ఎక్కించినప్పుడు ముందు మూరెడు నేసి చూస్తాము కదా, అట్ల ఖాళీ గదిలో పెట్టి చూడమన్నది మేమే.

కేజీఎఫ్ గనుల్లో రాయి పేలడం కనిపెట్టడానికి జియోఫోన్లు పెట్టేవాళ్లు. ఆ కబురు వైరు మీద వాళ్ల గదికే పోయేది. మన పెట్టె కబురు గాలిలో పోయి, ఎక్కడో ఉన్న కంప్యూటరు చుట్టి మన ఫోనుకొస్తుంది. దారిలో ఎవరున్నారో మనకేం తెలుసు? 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము, కంపెనీ పెట్టిన పాస్‌వర్డు మార్చని కెమెరాల్లోకి, రౌటర్లలోకి లక్షల లెక్కన దూరింది. అక్టోబరు 21న వాటితోనే దాడి చేస్తే అమెరికాలో పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు.

పిల్లలు మళ్లీ చేశారు. ఒక్కో పెట్టెకు వేరే పేరు, వేరే పాస్‌వర్డు. కబురు 1883 అనే దారి విడిచి 8883 దారిలో పోతుంది. మొదటిది కార్డు ముక్క, ఎవరైనా చదవొచ్చు. రెండోది అంటించిన కవరు. ఇంకొకటుంది. జాకార్డు అట్టల వరసలో రాత్రి ఎవడో ఒక అట్ట మారిస్తే పొద్దున అంచులో పువ్వు చెడుతుంది. పెట్టెలో ప్రోగ్రాము కూడా అంతే. మన సంతకం ఉన్నదే తీసుకునేట్టు చేయాలి. ఆ పని ఇంకా నడుస్తోంది, పూర్తి కాలేదు.

మేము పట్టుబట్టింది ఒక్కటే, గోడ మీద చేతి స్విచ్చి. నెట్ పోయినా, పెట్టె చెడినా ఇంట్లో అమ్మ చేతికి అందాలి. పిల్లలకు మొదట నచ్చలేదు, అయినా పెట్టారు.

తయారైన పెట్టెలు అమ్మడానికి ఒకాయన వచ్చాడు. పాస్‌వర్డు మార్చేదెట్లా అంటే, మార్చే పనే లేదన్నాడు. టీ ఇచ్చి పంపించాము.

ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ల ఐఓటీ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉన్నాయి, వినడానికి డబ్బు కట్టే పని లేదు. ఇంగ్లీషులో ఉంటాయి, మా పిల్లలు తెలుగులో విప్పి చెప్తారు. ఆదివారం మధ్యాహ్నం సంఘం ఆఫీసుకు పంపండి. ఆడపిల్లల్ని కూడా పంపండి, మీటరు చూసి విసిగిపోయింది వాళ్లే కదా.