మనీఆర్డరు వెనుక మనిషి
(ప్రసంగ పాఠం)



బీహారు రాష్ట్రంలోని సారణ్ జిల్లాలో 1887లో జన్మించిన భోజపురీ నాటకకర్త భిఖారీ ఠాకుర్ 'బిదేసియా' అనే నాటకం రచించాడు. పొట్ట చేతపట్టుకొని కలకత్తా వెళ్ళిన భర్త కోసం పల్లెలో ఎదురుచూసే ఇల్లాలి కథ అది. కాలక్రమాన ఆ నాటకం పేరే ఒక నాటక శైలికి పేరైంది. అటువంటి నిరీక్షణ ఎరుగని ఇళ్ళు ఆ ప్రాంతంలో అరుదు కావడమే అందుకు కారణం. 1880లో తపాలా శాఖ మనీఆర్డరు పద్ధతిని ప్రవేశపెట్టడంతో దూరప్రాంతంలో సంపాదించిన కూలిడబ్బు పల్లె గడపకు చేరే మార్గం ఏర్పడింది. తూర్పు ఉత్తరప్రదేశ్, బీహారు, ఉత్తరాఖండ్ కొండ ప్రాంతాలకు 'మనీఆర్డరు ఆర్థిక వ్యవస్థ' అనే పేరు వచ్చింది. నేడు ఆ కాగితం స్థానాన్ని బ్యాంకు ఖాతా, చేతిలోని ఫోను ఆక్రమించాయి. ప్రశ్న మాత్రం పాతదే. వలస వెళ్ళినవాడు పంపే సొమ్ము ఇంటిని నిలబెడుతున్నది, నిజమే. అది ఊరిని, రాష్ట్రాన్ని, దేశాన్ని కూడా ఎదిగేటట్లు చేస్తున్నదా?

ముందుగా దేశం సంగతి చూద్దాం. ప్రపంచబ్యాంకు అంచనా ప్రకారం 2022లో ప్రవాసులు భారతదేశానికి పంపిన మొత్తం సుమారు 11,100 కోట్ల డాలర్లు. ఒక్క ఏడాదిలో 10,000 కోట్ల డాలర్ల మెట్టు దాటిన మొదటి దేశం మనదే. అందులో అమెరికాలోని ఇంజనీర్ల జీతాలు ఉన్నాయి, గల్ఫ్ ఎండలో ఇటుకలు మోసినవారి చెమట కూడా ఉన్నది. దిగుమతుల కోసం దేశం చెల్లించే విదేశీ మారక ద్రవ్యంలో లోటులో పెద్దభాగాన్ని పూడ్చేది ఈ సొమ్మే.

దీని విలువ అది తగ్గినప్పుడే బాగా తెలుస్తుంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. వారి సంపాదన ఆగింది. అదే సమయంలో చమురు ధర పెరిగింది. మరికొన్ని కారణాలు కూడా తోడై, 1991లో దేశం తన బంగారాన్ని విదేశాలలో తాకట్టు పెట్టవలసి వచ్చింది. శ్రీలంక అనుభవం ఇంకా ఇటీవలిది. 2020లో ఆ దేశానికి సుమారు 710 కోట్ల డాలర్లు పంపిన కార్మికులు 2021లో సుమారు 550 కోట్లే పంపారు. అధికారిక మారకపు రేటు కంటే బయటి బజారులో ఎక్కువ రేటు పలకడంతో చాలామంది బ్యాంకులను విడిచి హుండీ మార్గం పట్టారు. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ రుణాల చెల్లింపును నిలిపివేసింది. సంక్షోభానికి ఇదొక్కటే కారణం కాదు గాని, బలమైన కారణాలలో ఇది ఒకటి.

అయితే సొమ్ము రావడమూ, ఆర్థికాభివృద్ధి జరగడమూ ఒకటి కావు. నేపాల్‌లో ఈ సొమ్ము దేశ స్థూలోత్పత్తిలో దాదాపు నాలుగో వంతుకు సమానం. దానివల్ల అక్కడ పేదరికం తగ్గింది, పిల్లలు బడికి వెళుతున్నారు. కాని పరిశ్రమలు ఆ స్థాయిలో పెరగలేదు. వచ్చిన సొమ్ములో పెద్దభాగం దిగుమతి సరుకుల రూపంలో మళ్ళీ సరిహద్దు దాటిపోతున్నది. కొండ పల్లెలలో పొలం దున్నవలసిన వయసువాళ్ళు పరాయి దేశాలలో ఉన్నారు.

కేరళ చరిత్ర ఈ విషయంలో మంచి పాఠం. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫ్ దేశాలకు వలస ఉధృతమైంది. ఆ సొమ్ము నేరుగా రాష్ట్రోత్పత్తి లెక్కలో చేరదు. రాష్ట్రం ఎల్లల లోపల జరిగిన ఉత్పత్తినే ఆ లెక్క చూపుతుంది. అందుకే ఇళ్ళలో వినియోగం పెరుగుతున్నా, 1980 దశకం మధ్య వరకు కేరళ ఉత్పత్తి మందకొడిగానే సాగింది. బ్యాంకులలో చేరిన డిపాజిట్లు రాష్ట్రం వెలుపల రుణాలుగా పోతున్నాయన్న విమర్శ కూడా ఉండేది. ఆ దశకం చివరినుంచి గృహనిర్మాణం, రవాణా, వాణిజ్యం, విద్య, వైద్యం పుంజుకొన్నాయి. దాదాపు 30 దేశాలలోని ప్రవాసుల పెట్టుబడి తోడ్పాటుతో నిర్మించిన కొచ్చిన్ విమానాశ్రయం 1999లో ప్రారంభమైంది. సొమ్ముకు తగిన సంస్థ దొరికితే అది పెట్టుబడి కాగలదనడానికి ఇది నిదర్శనం.

కేరళలో మరొక విశేషం కూడా జరిగింది. గల్ఫ్ సొమ్ముతో ఇళ్ళు లేచాయి, కూలిరేట్లు పెరిగాయి. ఆ పనులకు బెంగాల్, అస్సాం, ఒడిశా, బీహారుల నుంచి కార్మికులు వచ్చారు. 2013లో గులాటీ ఆర్థిక, పన్నుల అధ్యయన సంస్థ జరిపిన పరిశీలన కేరళలో ఇతర రాష్ట్రాల కార్మికులు సుమారు 25 లక్షల మంది ఉన్నారనీ, వారు ఏటా 17,500 కోట్ల రూపాయలు స్వస్థలాలకు పంపుతున్నారనీ అంచనా వేసింది. దుబాయిలో మలయాళీ సంపాదించిన రూపాయి మలప్పురంలో గోడగా లేచి, ఆ గోడ కట్టిన బెంగాలీ మేస్త్రీ చేతిమీదుగా ముర్షిదాబాద్‌లో బియ్యంగా మారుతుంది. ఇద్దరివీ రెండు భాషలు. వారిని కలిపిన బంధం శ్రమ.

తెలుగునాట కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల రైతుకూలీలు, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళే స్త్రీలు ఇదే బాటలో ఉన్నారు. బోరుబావి ఎండిపోయిన రైతు, ఏజెంటుకు ఇవ్వడానికి వడ్డీకి అప్పు తెచ్చి విమానం ఎక్కుతాడు. మొదట పంపే సొమ్మంతా ఆ అప్పుకే పోతుంది. అంటే కుటుంబానికి ఆదాయం వచ్చినట్లే కనిపిస్తుంది గాని, తొలి ఫలం వడ్డీవ్యాపారికి చేరుతుంది. పంపినవాడు గాయపడి తిరిగివస్తే మిగిలేది అప్పే. 1983 నాటి వలసల చట్టం ఏజెంటుకు లైసెన్సు తప్పనిసరి చేసింది. చట్టం పల్లెదాకా చేరనిచోట దళారీదే రాజ్యం.

కాబట్టి చేయవలసిన పనులు స్పష్టమే. వెళ్ళడానికయ్యే ఖర్చు తగ్గాలి. వెళ్ళేముందు పనిలో శిక్షణ దొరకాలి. సొమ్ము పంపడానికయ్యే ఖర్చును 2030 నాటికి 3 శాతం లోపునకు తీసుకురావాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యంగా పెట్టుకొన్నది. అది నెరవేరితే ప్రతి నూటిలో మిగిలే రూపాయలు కార్మికుని ఇంటికే చేరతాయి. పల్లె బ్యాంకు ఆ సొమ్మును దాచిపెట్టడంతో ఆగక, ఆ పల్లెలోనే బావికి, పశువులకు, చిన్న పరిశ్రమకు అప్పుగా ఇవ్వాలి. తిరిగి వచ్చినవాడు నేర్చుకొన్న విద్యకు ఊళ్ళోనే పని దొరకాలి.

భిఖారీ ఠాకుర్ నాటకంలోని ఇల్లాలు కోరింది భర్త రాకను. జాతీయాదాయ పట్టికలలో ఎదురుచూపుకు గడి లేదు. వలస వెళ్ళడం ఇష్టమైతే వెళ్ళే అవకాశమూ, ఇష్టం లేకపోతే ఊళ్ళోనే బతికే అవకాశమూ రెండూ ఉన్ననాడు, ఆ సొమ్ము నిజంగా అభివృద్ధికి ఉపకరించినదని చెప్పుకోవచ్చు.