నర్సింగ్ పరిశోధన రోగి మంచం దగ్గర మొదలవ్వాలి

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ సిస్టర్ గారి దగ్గర నేను నైట్ డ్యూటీలు చేశాను. రిపోర్టు బుక్కులో ‘రోగి బాగున్నాడు’ అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. నాడి ఎంత, మూత్రం ఎంత వచ్చింది, ఏ పక్కకు ఎన్నింటికి తిప్పావు అని అడిగేవారు. ఆవిడ పేరున దక్కిన ఈ గౌరవాన్ని స్వీకరిస్తూ, చాలా ఏళ్లుగా నాకున్న అభ్యంతరం ఒకటి మీ ముందుంచుతాను.

  

నా తగాదా మన ఎమ్మెస్సీ సిద్ధాంత వ్యాసాలతో. ఫలానా జబ్బు గురించి ఫలానావారి అవగాహనపై ‘స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం’ ప్రభావం: ఎన్నో వ్యాసాలది ఇదే శీర్షిక. ముందొక ప్రశ్నపత్రం, ఒక పాఠం, కొన్నాళ్లకు మళ్లీ అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరుగుతాయి. పాఠం చెబితే మార్కులు పెరగడం పరిశోధన ఫలితమా? రోగికి ఒరిగిందేమిటో ఆ వ్యాసం చెప్పదు.

అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఒక నర్సు ఎంతమందిని చూడగలదు? నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స రోగులను పరిశీలించి 2002లో ‘జామా’ వైద్యపత్రికలో ప్రచురించింది. నర్సుకు ఒక్క రోగి పెరిగితే 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. 2014లో ‘లాన్సెట్’లో వచ్చిన తొమ్మిది యూరప్ దేశాల అధ్యయనంలోనూ అదే 7 శాతం. నర్సులు ఎక్కువున్న ఆసుపత్రికి డబ్బూ పరికరాలూ ఎక్కువే ఉండవచ్చు కదా, మరణాలు తగ్గింది వాటివల్లేమో అని కొందరి ఆక్షేపణ. సబబైన ఆక్షేపణే. దానికి జవాబు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. క్వీన్స్‌లాండ్‌లో 2016లో నర్సు-రోగి నిష్పత్తి చట్టం అమలైంది. మెక్‌హ్యూ బృందం ఆ చట్టం వర్తించిన 27 ఆసుపత్రులను, వర్తించని 28 ఆసుపత్రులను చట్టానికి ముందూ తర్వాతా పోల్చి 2021లో ‘లాన్సెట్’లో రాసింది. నర్సు మీద భారం తగ్గినచోట మరణాలు, తిరిగి చేరడాలు, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి.

అవి డబ్బున్న దేశాలు, ఆ లెక్కలు మనకు వర్తించవు అంటారు. అయితే మన లెక్క మనమే తీద్దాం. బోధనాసుపత్రిలో ముగ్గురికి, సాధారణ ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలని మన నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి ఎందరికి ఒకరున్నారో డ్యూటీ చార్టు చూస్తే తెలుస్తుంది. రోగిని తిప్పకపోతే వచ్చే పడకపుండు సంగతి కేస్‌షీట్‌లో ఉంటుంది. ఈ రెండింటినీ మనం పక్కపక్కన పెట్టి చూడటం లేదు.

ఫిజియోథెరపీ మిత్రులతో కలిసి ఇప్పుడు నేను తయారుచేస్తున్న రిజిస్టరు అందుకే. పక్షవాతం రోగుల వార్డులో షిఫ్టుకొక పేజీ. నర్సులెందరు, రోగులెందరు, ఎవరిని ఎన్నిసార్లు తిప్పారు, ఎప్పుడు కూర్చోబెట్టారు, మడమ దగ్గర, నడుము కింద చర్మం ఎర్రబడిందా, ఇవే గళ్లు.

విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలకు నా విన్నపం: రోగికి కలిగే ఫలితాన్ని కొలవని అంశాన్ని వచ్చే బ్యాచ్ నుంచి ఆమోదించకండి. ఆసుపత్రులకు ఇంకో విన్నపం: పరిశోధన చేసే స్టాఫ్ నర్సుకు వారంలో ఒక రోజు వార్డు డ్యూటీ మినహాయించండి.