ఉపాధ్యాయుల విదేశయాత్ర



వకీలులు సీమకుఁ బోయి బారిష్టర్లై వచ్చిరి. వర్తకులును కూలీలును రంగూనుకుఁ బోయిరి. బడిపంతులు మాత్రము ఊరు కదలరాదని మన సంఘము ఎన్నఁడో నిర్ణయించుకొన్నట్లున్నది.

అమెరికాలో 1946లో సెనేటరు ఫుల్‌బ్రైటు ఒక చట్టము చేయించెను. యుద్ధానంతరము పరదేశములలో మిగిలిన సైనిక సామగ్రిని కొనఁగోరిన ప్రభుత్వములకడ డాలర్లు లేవు. ఆ వెలను స్వదేశ నాణెముననే గైకొని విద్యావినిమయమునకు వెచ్చింపవచ్చునని దాని సారాంశము. చట్టములతోడనే బ్రదుకు నాకు ఇంత చమత్కారమైనది అరుదుగాఁ గనఁబడినది. 1950 ఫిబ్రవరి 2వ తేదీన నెహ్రూగారును అమెరికా రాయబారి లాయ్ హెండర్సనుగారును మన ఒడంబడికపై సంతకములు చేసిరి. 2008లో వ్యయమున సమభాగము వహించుటకు మనమంగీకరించితిమి. కావున ఇది భిక్షము కాదు. ఇందు మన సొమ్మును గలదు.

ఆ చట్టము క్రింద అనేక వత్సరములు వేర్వేరు దేశముల ఉపాధ్యాయులు ఒకరి తరగతిలో నొకరు బోధించిరి. చూచి వచ్చుట వేఱు; పరుల పిల్లలకు జవాబుదారియై నిలుచుట వేఱు.

మొన్న నాకడకు ఒక పంతులుగారు వచ్చిరి. ఆఱు వారముల విదేశ శిక్షణకు ఎన్నికైరి, పాఠశాలవారు సెలవీయలేదు. నిబంధనలు తిరుగవేసితిని. సెలవు మాట యున్నది గాని, బదులు పంతులు జీతమెవరిదో లేదు. ఇంతలో గడువు దాటెను. ఆయన మఱునాఁడు యథాప్రకారము బడికిఁ బోయిరి.

ఈ సభలో పాఠశాలల కార్యనిర్వాహకులు కొందఱున్నారు. అయ్యా, రానున్న యేఁటి పద్దులో ఒక బదులు పంతులు జీతము వ్రాయుఁడు.