నీటి కరవు సీమ నుండి ఎండ కరవు సీమకు

రాయదుర్గమున పుట్టి పెరిగినవానికి రెండు వస్తువులు దూరపు చుట్టములు. ఒకటి సముద్రము, రెండవది చలి. పడమటికి పోయినను, తూర్పునకు పోయినను నూటయేబది మైళ్ళు దాటినగాని సముద్రపు అల కంటబడదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు జిల్లా మాది. అదియు నమ్మకముగా కురియదు. మాకు చేప యనగా కణేకల్లు చెరువు నిండిన ఏట దొరకు చెరువు చేప. లేదా సంతలో గోనెపట్టాపై కుప్పపోసి అమ్ము ఎండుచేప. చలి యనగా పుష్యమాసపు తెల్లవారుజామున కంబళి కప్పుకొనినచో తీరిపోవునది.

అట్టి నేను ఒక శీతకాలమంతయు అమెరికాలోని బోస్టన్ నగరమున, కుమారుని యింట గడపవలసి వచ్చినది. అక్కడి చలిని గూర్చియు, అక్కడ తిన్న చేపలను గూర్చియు చెప్పుటకే ఈ ప్రసంగము. నేడు మన జిల్లాలోని అనేక కుటుంబముల నుండి పిల్లలు చదువులకును, ఉద్యోగములకును చలిదేశములకు పోవుచున్నారు. కావున ఇది వట్టి ముచ్చటగా పోక, కొందరికైనను పనికివచ్చునని నా ఆశ.

నేను కార్తీక మాసాంతమున అక్కడ దిగితిని. మన రాయదుర్గము భూమధ్యరేఖకు 15 డిగ్రీల లోపున నుండగా, బోస్టన్ 42 డిగ్రీల ఉత్తరమున నున్నది. జనవరి మాసమున అక్కడి సగటు ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టు స్థానమునకు కొంచెము దిగువనే యుండును. డిసెంబరులో సూర్యుడు సాయంకాలము నాలుగుంబావు గంటలకే అస్తమించును. 2014-15 శీతకాలమున ఆ నగరమున కురిసిన మంచునంతయు కూడినచో తొమ్మిది అడుగులకు మించినది.

మొదటి వారము నేను చేసిన తప్పు చెప్పెదను. ఒకదానిపై ఒకటిగా మూడు నూలు చొక్కాలు తొడిగి, పైన శాలువ కప్పుకొని, వడివడిగా నడచి అంగడికి పోయితిని. నడకకు చెమట పట్టినది. నిలిచిన కొంతసేపటికే ఆ తడిచొక్కా మంచుపలక వలె వీపునకు అంటుకొన్నది. ఇల్లు చేరిన పిమ్మట గూడ చాలసేపు వణకు తీరలేదు. అప్పుడు నా కుమారుడు, “నాయినా, నూలు చెమటను పీల్చుకొని తొందరగా ఆరదు. ఒంటికి ఆనుకొని సన్నని ఉన్ని, దాని మీద మందపు ఉన్ని, అన్నిటి మీదా గాలి దూరని కోటు వేసుకోవల్ల” అని చెప్పెను.

ఆ మాట వినగానే మన కురుబ గొర్రెలకాపరులు జ్ఞప్తికి వచ్చిరి. చలిరాత్రులందు మంద వేసిన చేలలో వారు పరుండునది గొర్రె ఉన్నితో నేసిన కంబళి కప్పుకొనియే గదా! ఉన్నిపోగుల నడుమ చిక్కుకొనిన గాలియే చలికి అడ్డుగోడ. తడిసినను ఉన్ని కొంత వెచ్చదనము నిలుపుకొనును. మా ఊరి కాపరి యెరిగిన విద్యను నేను ఏడుసముద్రములు దాటి నేర్చుకొంటిని. నడక సంగతియు అంతే. దారిపై సన్నని గడ్డ కంటికి కనబడక నల్లనేల వలె నుండును. దానిపై చిన్న అడుగులు వేయుచు, పాదమంతయు ఆనించి నడువవలెను. చేతులు జేబులలో నుంచుకొనరాదు.

బట్టల పాఠము ముగిసినది గాని, అసలు కష్టము అటుపిమ్మట మొదలైనది. పగలు చిన్నది, ఆకాశము బూడిదరంగు. ఇల్లు విడిచి కదలబుద్ధి కాలేదు. అన్నమును, ఊరి నుండి తెచ్చుకొనిన ఊరగాయను తిని, కిటికీ కడ కూర్చుండి రోజులు లెక్కించితిని. పుష్యము వచ్చునప్పటికి కాళ్ళు గుంజుట, అలసట, ఎవరితోను మాటాడ మనసు లేకుండుట. వైద్యుడు రక్తము పరీక్షించి, నీకు డి విటమిన్ తక్కువగా నున్నది, ఎండ చాలలేదు అనెను. నాకు నవ్వు వచ్చినది. రాయదుర్గము వానికి ఎండ తక్కువయా!

ఆ వైద్యుడు విసుగుకొనక వివరించెను. చర్మము డి విటమిన్‌ను తయారుచేయుటకు ఎండలోని ఒక విధమైన కిరణములు కావలెను. శీతకాలమున ఉత్తరదేశములందు సూర్యుడు వంగి ప్రకాశించుటచేత ఆ కిరణములు గాలిపొరలలోనే హరించిపోవును. బోస్టన్‌లో నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఎండలో నిలిచినను చర్మమున ఆ విటమిన్ పుట్టదని అక్కడి పరిశోధకులే 1988లో ప్రకటించిరి. మన దేశమున గూడ నీడపట్టున నుండువారికి ఈ లోటు కలుగుట కద్దు. నాకును అది ముందే యుండి యుండవచ్చునని ఆయన అభిప్రాయము. మందుబిళ్ళలు వ్రాసియిచ్చి, “కొవ్వుగల సముద్రపు చేపలు తినుడు” అనెను.

చలికడలి ప్రజలు ఈ సత్యమును శాస్త్రజ్ఞులకంటె ముందుగానే అనుభవమున గ్రహించిరి. పిల్లల ఎముకలు వంగిపోకుండుటకు కాడ్ చేప కాలేయపు నూనెను త్రాగించెడివారు. ఆ నూనెలోని గుణమునకు డి విటమిన్ అని 1922లో మెకాలమ్ అను శాస్త్రజ్ఞుడు పేరిడెను. సూర్యుడు ఇయ్యనిదానిని అక్కడ సముద్రము ఇచ్చుచున్నది.

మరునాడే కుమారునితో చేపల అంగడికి పోయితిని. నన్ను మొదట ఆశ్చర్యపరచినది వాసన లేకుండుట! మా సంతలో చేపలంగడి ఎక్కడనో కన్ను కంటె ముందు ముక్కు చెప్పును. ఇక్కడ పొడిచేసిన మంచుగడ్డపై కాడ్, హాడక్, సాల్మన్, కానాగర్తలను పోలిన మాకరెల్, రకరకముల ఆల్చిప్పలు వరుసగా పేర్చియుండగా, తడియిసుక వాసన వంటి దొకటి మాత్రమే సోకినది. అమ్మువాడు ఒక మాకరెల్‌ను చేతికిచ్చి తాజాదనము చూచు విధము నేర్పెను. కన్ను ఉబ్బి తళతళలాడవలెను. మొప్పలు ఎర్రగా నుండవలెను. వ్రేలితో నొక్కిన గుంట వెంటనే పూడవలెను. చేపను చెడగొట్టు సూక్ష్మజీవులు చలిలో మెల్లగా పెరుగును. నన్ను వణికించిన ఆ చలియే చేపకు కాపలా కాయుచున్నదని అప్పుడు తోచినది.

ఆ రాత్రి మా కోడలు చింతపండు, మెంతులు, ఊరి ఎండుమిరపకాయలు వేసి మాకరెల్ పులుసు పెట్టినది. చాలదినములకు కడుపార తింటిని. కాడ్ చేప మాత్రము మెత్తనిది. పులుసు బాగుగా కాగిన తరువాత చివర వేసి, గరిట పెట్టి కలుపక దింపవలెను. ఆ ఊరివారి వంటకము వేరొకటి కలదు: ఆల్చిప్పల మాంసము, ఉర్లగడ్డ, ఉల్లిపాయ పాలలో ఉడికించిన చిక్కని చారు. పాలును చేపలును కలిపి తినరాదని విని పెరిగినవాడను గనుక చాలసేపు సందేహించితిని. పొరుగింటివారు ఆదరముతో తెచ్చిన గిన్నెను త్రోసిపుచ్చలేక రెండు చెంచాలు రుచిచూచితిని. గిన్నె ఖాళీయైన పిదప మా కోడలు నవ్వినది.

ఇందు కొన్ని జాగ్రత్తలు గలవు. ఆల్చిప్పలు కొందరి ఒంటికి పడవు. మొదటిసారి కొంచెమే తిని చూడవలెను. వండక మునుపు తెరచుకొనియుండి, తట్టినను మూసుకొనని చిప్పను పారవేయవలెను. అక్కడివారు కొన్నిటిని పచ్చిగానే తిందురు. వృద్ధులకును, గర్భిణులకును అది తగదు. శాకాహారులు దిగులుపడ నక్కరలేదు. ఆ దేశమున అమ్ము పాలలో సాధారణముగా డి విటమిన్ కలిపియే యుందురు.

బోస్టన్ శాసనసభా మందిరమున ఇంచుమించు అయిదడుగుల కొయ్య కాడ్ చేప వ్రేలాడుచుండును. ఆ రాష్ట్రమునకు అన్నము పెట్టిన చేపకు గుర్తుగా దానిని అక్కడ నుంచవలెనని 1784లో నిర్ణయించిరి. కాని యంత్రపు ఓడలు వచ్చి హద్దు లేక పట్టుటచేత ఆ చేప తరిగిపోయినది. పొరుగున నున్న కెనడాలో 1992లో న్యూఫౌండ్‌లాండ్ తీరపు కాడ్ వేటను ప్రభుత్వము నిషేధింపగా వేలాదిమంది బ్రతుకుతెరువు పోయినది. నేడు బోస్టన్ అంగళ్ళలో కాడ్ చాలవరకు ఐస్‌లాండ్, నార్వేల నుండి వచ్చునదే. అది విన్నప్పుడు మన బోరుబావులు మెదలినవి. పొరుగువాని బోరు ఎండినదని మనము ఇంకను లోతుగా వేయుదుము. వాడు అంతకంటె లోతుగా వేయును. కడలియైనను, పాతాళగంగయైనను తరుగనిది కాదు.

భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల నాటి బోస్టన్ చలిలో, ఆసుపత్రిలో కూలిపని చేసి పొట్ట పోసికొనుచు చదివిరి. ఎముకల గట్టిదనమునకు ముఖ్యమైన భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి లోకమున కిచ్చిరి. ఆయనకు ప్రతిదినము పలుకరించు టెలిఫోను లేదు. నాకు అన్నియు నుండియు కిటికీ కడ కూలబడితినని తలచి సిగ్గుపడితిని. అటుపిమ్మట ప్రతి మధ్యాహ్నము వెలుతురు ఉండగానే ఒక గంట నడచితిని. వారమునకు రెండుమారులు చేప తింటిని. మంచు కరుగు నాటికి కాళ్ళలో సత్తువ వచ్చినది.

చలిదేశములందు బిడ్డలున్న తలిదండ్రులు టెలిఫోనులో “చలిగా ఉందా?” అని అడుగుదురు. దానికి వారు “అలవాటైంది” అని చెప్పి ఊరకుందురు; నేనును ఊరివారికి అట్లే చెప్పితిని. ఇకమీదట వేరొక ప్రశ్న అడిగి చూడుడు: “ఈ పొద్దు వెలుతురు ఉండగా బయట నడిచినావా? ఏమి తిన్నావు, ఎవరితో తిన్నావు?” ఆ జవాబులో వారి ఆరోగ్యము తెలిసిపోవును.