చెరువు అడుగున హైడ్రిల్లా



చెరువులో దిగీ దిగగానే పిక్కలకు ఏదో మెత్తగా చుట్టుకుంటుంది. "నాచు, జాగ్రత్త" అంటారు గట్టుమీద ఉన్నవాళ్లు. రేవు మెట్ల మీద జారేదీ నాచే, నీటిపై పచ్చటి నురగలా తేలేదీ నాచే, అడుగు నుంచి మనిషెత్తు పెరిగేదీ నాచే! ఒక్క మాటతో అన్నిటికీ సరిపెట్టేశాం. ఆ చివరిదాని పేరు హైడ్రిల్లా. వేళ్లు, కాండం, ఆకులు, పూలు అన్నీ ఉన్న అసలైన మొక్క. గుర్రపుడెక్కలాగా దక్షిణ అమెరికా నుంచి వచ్చి పడింది కాదు, మన నీళ్లలో పుట్టిందే.

బైపీసీ చదివినవారికి ఇది పాత చుట్టం. బీకరులో కొమ్మలు, వాటిపై బోర్లించిన గరాటు, దాని కాడమీద నీళ్లు నింపిన పరీక్షనాళిక. ఎండలో పెడితే ఆక్సిజన్ బుడగలు. నేనైతే ఆ రోజు బుడగలు లెక్కపెట్టకుండా పక్కవాడి రికార్డు చూసి రాసేశాను. మొక్కను సరిగ్గా చూసింది చాలా ఏళ్ల తర్వాతే.

చూడాలంటే గట్టు నుంచి చేతికందే కొమ్మ చాలు, లోతుకు దిగకండి. తెల్లటి పళ్లెంలో నీళ్లు పోసి అందులో వదలండి. బయట తడి ముద్దలా ఉన్నది నీళ్లలో చక్కగా విచ్చుకుంటుంది. ఇప్పుడు ఒక కణుపు చూడండి. దాని చుట్టూ ఆకులు గొడుగు ఊచల్లా నిలిచి ఉంటాయి. లెక్కపెడితే సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది. ఆకు అంగుళం లోపే ఉంటుంది. దాన్ని కొన నుంచి మొదలు వైపు వేలితో నిమిరితే గరుకు తగులుతుంది. అంచున రంపపు పళ్లున్నాయి మరి. ఆకు తిప్పితే నడిమి ఈనె మీద కూడా చిన్న ముళ్లు కనబడొచ్చు.

మీ కొమ్మ ఇలా లేదా? ఆకులు చీలిపోయి నక్కతోకలా గుబురుగా ఉండి, అసలు వేళ్లే లేకపోతే అది సెరటోఫిల్లం. మొదట్లోంచే రిబ్బన్లలా పొడుగాటి ఆకులు లేస్తే వాలిస్‌నేరియా. నలిపితే వెల్లుల్లి లాంటి వాసన వస్తే కారా అనే శైవలం.

హైడ్రిల్లా పూలు చాలామంది కంటపడవు. ఆడపూవు దారం లాంటి సన్నటి కాడతో నీటి మట్టానికి చేరుకుంటుంది. మగమొగ్గ నీటి అడుగునే తల్లి కొమ్మ నుంచి తెగి, పైకి తేలి, టప్పున విచ్చుకుని పుప్పొడి చిమ్ముతుంది. గుండుసూది తలంత మొగ్గకు ఎంత ఆర్భాటమో!

పూలకన్నా దీని బలం ముక్కల్లో ఉంది. ఒక్క కణుపున్న ముక్క నుంచి కొత్త మొక్క లేస్తుంది. బురదలో బఠాణీ గింజంత దుంపలు కూడా పెడుతుంది. అవి ఏళ్ల తరబడి అలాగే ఉండి, అదను చూసి మొలుస్తాయి. అందుకే పైపైన కోసి పారేస్తే చేపల చెరువు శుభ్రపడదు.

1950ల్లో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరిన హైడ్రిల్లా అక్కడి కాలువల్ని, సరస్సుల్ని కమ్మేసింది. దక్షిణ రాష్ట్రాల్లో పాకినవి ఎక్కువగా ఆడమొక్కలే. గింజ కట్టకుండానే, వట్టి ముక్కలతో, దుంపలతో అంత దూరం పాకాయి. వాళ్ల సొంత మొక్క ఎలోడియా చూడటానికి దీనిలాగే ఉంటుంది. కాకపోతే దానికి కణుపుకు మూడే ఆకులు, అంచులు నున్నన. అక్కడ పడవ నడిపే మన పిల్లలకు ఈ తేడా చెప్పండి. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు తీసుకెళ్లే ముందు పడవకు అంటుకున్న తీగలు దులపమనేది, హైడ్రిల్లా ఒక్క ముక్కతోనే పాకుతుంది కాబట్టి.

మీ పళ్లెంలోని కొమ్మను కూడా చూడటం అయ్యాక తెచ్చిన చెరువులోనే వేయండి. లేదా ఎండలో పూర్తిగా ఎండనిచ్చి చెత్తలో వేయండి. పక్క కుంటలో మాత్రం వద్దు.