చేతిపనివారి వెబ్‌సైట్: దేనితో కట్టించాలి?

ప్లంబింగ్, వైరింగ్, ఏసీ రిపేరు పనులు చేసేవారు సొంత వెబ్‌సైట్ పెట్టుకోవాలంటే ముందు తేల్చుకోవాల్సింది, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తో కట్టించాలన్నది.

రాతలు, ఫొటోలు మనమే మార్చుకునే వీలున్న వాటిలో బాగా తెలిసింది వర్డ్‌ప్రెస్. 2003లో వచ్చింది, ఉచితం. ఉచితమంటే సాఫ్ట్‌వేర్ వరకే సుమా! సైటును నెట్‌లో ఉంచే హోస్టింగుకీ, దాని చిరునామా అయిన డొమైన్ పేరుకీ డబ్బు కడుతూనే ఉండాలి. అప్‌డేట్లు, ప్లగిన్లనే అదనపు హంగులు పట్టించుకోకపోతే హ్యాకర్లకు తలుపు తీసిపెట్టినట్టే. విక్స్ లాంటి రెడీమేడ్ సైటు సర్వీసుల్లో ఆ బాదరబందీ లేదు. చందా కడితే అన్నీ వాళ్లే చూసుకుంటారు. కాకపోతే రేపు వేరేచోటికి మారదామంటే సైటును ఉన్నదున్నట్టు పట్టుకుపోలేం, మళ్లీ కట్టుకోవాల్సిందే.

నన్నడిగితే, చూసుకునే మనిషి లేనప్పుడు నాలుగు పేజీల సైటుకు వర్డ్‌ప్రెస్ అక్కర్లేదు. చేసిన పనుల ఫొటోలు, ఏయే పేటలకు వస్తారో ఆ వివరం, నొక్కగానే కాల్ వెళ్లే నంబరు ఉండాలి. వీటిని సెల్‌ఫోన్‌లోనే మార్చుకోగలిగితే చాలు.

డొమైన్ మాత్రం మీ పేరుమీదే రిజిస్టరు చేయించండి. డిజైనరు తన పేరున పెట్టుకుంటే, ఆయనతో మాటా మాటా వచ్చిన రోజున మీ సైటు చిరునామా ఆయన చేతిలో ఉంటుంది. పాస్‌వర్డులు కూడా ఆఖరి వాయిదా చెల్లించకముందే అడిగి తీసుకోండి.