పెరటిలో గ్లాడియోలస్

సంతబొమ్మాళి పరిసరములలో పెరడనగానే కొబ్బరి, మునగ, బంతి, చామంతి మనసున మెదలును. వీటి సరసన గ్లాడియోలసును పెంచవచ్చునా యని కొందరడుగుచుందురు. పెంచవచ్చును, కాని దాని స్వభావము నెరుగవలెను.

దీని ఆకులు కత్తులవలె నుండును. లాటిను భాషలో ఈ పేరునకు చిన్నకత్తి యని అర్థము. ఇప్పటి తోటరకములకు మూలమైన జాతులు ఎక్కువగా దక్షిణాఫ్రికావి. ఇది దుంపనుండి మొలచును. చల్లని దినములను కోరును; మన వేసవి నోర్వజాలదు.

అక్టోబరు, నవంబరు నెలలు మన తీరమునకు తుఫానుల కాలము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను కూల్చిన సంగతి మరపురానిది. కావున నాటుటకు తొందరపడరాదు. వానలు వెనుకబట్టి మంచు మొదలగు నవంబరు చివర నాటినచో ఫిబ్రవరిలో పూయును.

చదునుగా పరచుకొన్న దుంపకంటె నడుమ ఎత్తుగా నున్న దుంప మేలు. రోజంతయు ఎండ తగులు చోట, బాగుగా మాగిన పెంటయెరువు కలిపి, మూడంగుళముల లోతున అరయడుగు ఎడముగా నాటవలెను. ఇసుకనేలలో మరికొంత లోతు మంచిది. బంకనేలలో మడిని ఎత్తు చేయవలెను. నౌపడ ఉప్పుమళ్ళ దాపున నున్నవారు ముందు బావినీటిని రుచి చూడుడు. ఉప్పగా నున్నచో ఆ నీరు పోయరాదు. నాలుగైదు ఆకులు వచ్చునప్పటికి లోపల పూకాడ రూపుదిద్దుకొనుచుండును. అప్పుడు నేల ఎండరాదు. సముద్రపు గాలికి కాడ ఒరగకుండ మట్టి ఎగదోసి వెదురుపుల్ల కట్టవలెను.

అడుగు మొగ్గలు రంగు చూపగానే కాడను కోయవచ్చును. మొక్కకు నాలుగాకులైనను మిగుల్చుడు. మొదటియేట నేను పువ్వు కోసి మొక్కను మరచితిని. వేసవిలో త్రవ్వి చూడగా ఉసిరికాయంత దుంపయు దొరకలేదు. కారణమేమనగా, నాటిన దుంప క్షీణించి, దానిపైని క్రొత్త దుంప పుట్టును. పూత ముగిసిన పిదప ఆకులే దానికి ఆహారము సమకూర్చును. కావున మరి ఆరువారములు నీరు పోయవలెను.

ఆకులు పసుపుబారగానే నీరు మాని, దుంపలు త్రవ్వి, నీడలో ఆరనిచ్చి, అడుగున నున్న పాత దుంపను విరిచివేయుడు. మెత్తబడినవాటిని పారవేయుడు. చుట్టునున్న చిన్నపిల్లలు రెండు మూడేండ్లకు పూయును. వాటిని విడిగా దాచుడు. మన ఉక్కలో దుంపలు త్వరగా చెడును. రిఫ్రిజిరేటరు ఉన్నవారు కాగితపుసంచిలో పోసి క్రిందియరలో ఉంచుట మేలు. లేనివారు గాలియాడు వెదురుతట్టలో పలుచగా పరచి, నెలకొకమారు చూచుచుండవలెను. ప్లాస్టికు సంచిలో మూట కట్టరాదు.

కోసిన కాడ కూజాలో ఒక వారము నిలుచును. దుంపను కాపాడుకొన్నవారు మరుసటి నవంబరులో క్రొత్తవి కొననక్కరలేదు.